కమలాకర్ ప్లగ్గుల డబ్బా

మా ఆయన కమలాకర్ సినిమాలకు చిన్న విమానాలు తయారుచేసి ఎగరేసేవాడు. ఆయన పోయాక మిగిలిన ఒక్క విమానాన్నీ అమ్మక తప్పలేదు. రేపు షూటింగ్‌లో దాన్ని తీగకు వేలాడదీసి కాల్చేస్తారట. తీసుకుపోవడానికి ఆయనకు పని నేర్పిన ఉస్తాదు కాశీవిశ్వనాథం గారు శ్రీనగర్ కాలనీ నుంచి ఫిలింనగర్‌లోని మా గదికి వచ్చారు.

"జర ఒక్కపారి నడిపియ్యి సారూ. నా కొడుకు ఇమానం సప్పుడు ఇని పంపిస్త," అంది మా అత్తమ్మ మల్లమ్మ.

ఆయన కాదనలేదు. "ప్లగ్గులేవమ్మా మనోజా?"

అటక మీది డబ్బా దించాను. మా చిన్ని ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. వేలి కొసంత ఉండే ఆ ప్లగ్గులంటే నాకు ఎప్పుడూ గుండెదడే. పిల్లను చంక దించకుండానే మూత తీశాను.

"బిగించే మర పొడుగ్గా ఉన్నవి పెద్ద ఇంజన్లవి. మన దాంట్లో బిగిస్తే పిస్టన్‌కి తగుల్తాయి," అంటూ ఆయన ఏరసాగారు. "అడుగున ఏటవాలుగా ఉన్నవి మన ఇంజన్ మూతకి అతకవు. ఇదిగో, ఈ పొట్టివే మనవి."

"మా ఆయన వీటిని నన్ను ముట్టనియ్యకపోతుండె సార్."

"ముట్టనిస్తే పోపుల డబ్బాలో కలిపేస్తావని భయపడేవాడమ్మా!"

ముగ్గురం నవ్వాం. పొట్టిదానికి బ్యాటరీ క్లిప్పు తగిలించారు. లోపల బల్బు తీగలాంటి చుట్ట ఎర్రగా కాగాలి, అప్పుడే ఇంజన్ అంటుకుంటుంది. కాగలేదు. ఇంకోటి తగిలించారు. అదీ అంతే. కళ్లద్దాలు పైకెత్తి లోపలికి చూశారు.

"తీగే తెగిపోయింది. అన్నీ ఇంత తళతళలాడుతున్నాయేంటి?"

అత్తమ్మ ముఖం విప్పారింది. "నేనే తోమిన సారూ! శుక్రారం శుక్రారం దేవుని కుందులతోని కలిపి, సింతపండేసి. లోపట గూడ పుల్లతోని గీకిన. నా కొడుకు చేతులల్ల తిరిగినయి, మసి పట్టనిస్తనా?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

డబ్బా అడుగున గుడ్డలో చుట్టి ఉన్న ప్లగ్గు ఒక్కటే వెలిగింది. పొడుగు రకం. బతిమాలుతున్నట్టు ఆయన వంక చూశాను.

"వద్దమ్మా. ఇంజన్ ఒక్క చుట్టు తిరిగితే చాలు, లోపల పగిలిపోద్ది."

"కొత్తది తెస్తే?"

"తెప్పించాలంటే వారం పడుతుంది. షూటింగ్ రేపే. బండి కిందే ఉంది."

"ఏమైంది సారూ?" అత్తమ్మ దగ్గరికి జరిగింది.

ఆయన నోరు తెరవకముందే నేను అందుకున్నాను. "ఇంజన్ పట్టేసింది అత్తమ్మా. ఇన్ని రోజులు తిప్పకపోతిమి గద."

"మరి గివి?"

"గవి మంచిగున్నయ్."

కాశీవిశ్వనాథం గారు తల వంచుకుని విమానం రెక్కలు ఊడదీయడం మొదలుపెట్టారు. అత్తమ్మ ప్లగ్గులను ఒక్కొక్కటే కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టింది.

"నాకు అప్పజెప్పినయన్నీ కాపాడిన. గా ఇంజనొక్కటే నీ మీద ఇడిసిన," అంది నావైపు చూడకుండా. "జర సూస్కోకపోతివి పిల్లా."

"అవునత్తమ్మా," అన్నాను.