లయన్‌ఫిష్ పట్టిన చోటు

పులావ్ హంతు దీవి దగ్గర సముద్రం ఎప్పుడూ మసకే. అయినా డైవింగ్‌లో పగడపు దిబ్బ కింద దాన్ని చూడగానే ఎగిరి గంతేయబోయాను. ఎర్రటి చారలు, విసనకర్రల్లాంటి రెక్కలు. లయన్‌ఫిష్! జానెడు కూడా లేదు. దగ్గరికెళ్తే పారిపోదే! తాపీగా రెక్కలన్నీ విప్పి, విషపు ముళ్లున్న వీపు నావైపు తిప్పింది. నేనే వెనక్కి తగ్గాను.

పడవెక్కగానే నా కూతురితో అరిచాను. “తన్మయీ, చూశావా దాని పొగరు!”

“ఆ ప్లేస్ చోప్ చేసేసింది లా అమ్మా! టిష్యూ ప్యాకెట్ కూడా అక్కర్లేదు,” అంది తన్మయి, ఇక్కడి పిల్లల యాసలో.

నాకు ఒళ్లు మండింది. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో నేను ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసిన, అంటే నాదని ఆపుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని పక్కకి నెట్టి కూర్చుంటారు. నేనే వేరే టేబుల్ వెతుక్కుంటాను.

ఆ మధ్యాహ్నం హాకర్ సెంటర్ కిక్కిరిసిపోయింది. తన్మయి నూడుల్స్ తేవడానికి వెళ్లింది. ట్రే పట్టుకుని ఒకాయన నేరుగా నా టేబుల్ వైపు వచ్చాడు. నేను చున్నీ విప్పి, రెండు చేతులూ బార్లా చాపి, టేబుల్ నిండా పరుచుకున్నాను. రెప్ప వేయకుండా ఆయన్నే చూశాను.

ఆయన వెనక్కి తగ్గాడు!

టిష్యూ ప్యాకెట్ నా సంచిలోనే ఉంది.