గనీ పోయాడని ఎవరు చెప్పారు?

"గనీ పోయిండంట."

మెడికల్ షాపు వెంకటేశం ఆ మాట అనేసి, ఫోను చేసుకునేవాళ్ల వరసలో నిలబడ్డాడు. కౌంటరు వెనక ఉన్న కౌసల్య చేతిలో రిసీవరు అలాగే ఉండిపోయింది. పక్కన స్టూలు మీద కూర్చున్న అంజయ్య ముఖం నల్లబడింది.

అది తొంభై నాలుగో సంవత్సరం. బీరంగూడ కమాను దగ్గర కౌసల్య ఎస్టీడీ బూత్. పటాన్‌చెరు హైస్కూల్లో ఆమెతో పదో తరగతి చదివినవాళ్లలో సగం మంది చుట్టుపక్కల కంపెనీల్లోనే పనిచేస్తున్నారు. డ్యూటీకి వచ్చేపోయే వాళ్లు బూత్ దగ్గర ఆగి ఒక వార్త చెప్పి, నాలుగు వార్తలు తీసుకుని పోతారు. ఎవరికి పెళ్లి కుదిరింది, ఎవరు కంపెనీ మారారు, ఎవరింటి మీద స్లాబు పడింది, అన్నీ కౌసల్య దగ్గర దొరుకుతాయి. ఆమెను వాళ్లు రేడియో అని పిలుస్తారు.

అయితే ఇప్పుడు అబ్దుల్ గనీ ఆమెకు వార్త కోసం అక్కర్లేదు. అంజయ్య కోసం కావాలి.

ఆ క్లాసువాళ్లే అయిన అంజయ్య, గనీ ఇద్దరూ గడ్డపోతారంలో ఒకే కెమికల్ కంపెనీలో, ఒకే షిఫ్టులో పనిచేసేవారు. పోయిన నెల రియాక్టరు పొంగింది. ఇద్దరు కూలీలు కాలారు. ఆవిరి వాల్వు ఎక్కువగా తిప్పింది అంజయ్యేనని షిఫ్ట్ ఇంఛార్జి రాసిచ్చాడు. తిప్పమని ఆజ్ఞాపించింది ఆ ఇంఛార్జే. ఆ మాట విన్నవాడు పక్కనే ఉన్న గనీ ఒక్కడే. ప్రమాదం జరిగిన వారానికే గనీ పని మానేసి కనిపించకుండా పోయాడు. సోమవారం కంపెనీలో ఎంక్వైరీ. సాక్షి లేకపోతే అంజయ్య ఉద్యోగం పోతుంది, ఆ మచ్చతో ఈ చుట్టుపక్కల ఏ కంపెనీ గేటూ అతనికి తెరుచుకోదు.

"ఇగ అయిపోయింది కౌసల్యా," అన్నాడు అంజయ్య లేస్తూ. "వాడు బతికుంటె గద సాక్ష్యం!"

"కూసో," అంది కౌసల్య. వెంకటేశం వైపు తిరిగింది. "ఎట్ల పోయిండు?"

"కామెర్లంట."

"నీకెవలు చెప్పిండ్రు?"

"సత్తెమ్మ. ఆదివారం బళ్లె సంతాప సభ పెడ్తున్నం. నువ్వు గూడ రావాలె."

కౌసల్య అప్పటికప్పుడే సంగారెడ్డికి, అదే క్లాసులో చదివిన సత్తెమ్మ పనిచేసే ఆఫీసుకు ఫోను కలిపింది.

"కామెర్లెక్కడియే? లారీ గుద్దిందంట!" అంది సత్తెమ్మ. "బాలప్ప చెప్పిండు. పాపం, ఇస్నాపూర్ చౌరస్తాల..."

కౌసల్య ఫోను పెట్టేసింది. "ఒక్క మనిషి రెండు సార్లు ఎట్ల సస్తడు?"

"చచ్చిండు గద, ఎట్ల చస్తే ఏంది?" అన్నాడు వెంకటేశం.

"మనోళ్లల్ల ఎవలన్న మట్టికి పోయిండ్రా? నువ్వు పోయినవా?"

వెంకటేశం తల అడ్డంగా ఊపాడు. పోలేదు. గనీ శవం లేవడం, జనాజా నడవడం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. క్లాసులో ఎవరి పెళ్లయినా, చావయినా పదిమందైనా లేకుండా జరగలేదు. అందరికీ ఇష్టుడైన గనీ ఒక్కడే ఇంత నిశ్శబ్దంగా ఎలా పోతాడు?

మధ్యాహ్నానికి బాలప్ప దొరికాడు. అతనూ క్లాసువాడే, ఆటో నడుపుతాడు. కౌసల్య అతని ఆటోకే అడ్డంగా నిలబడింది.

"లారీ అని నేనన్ననా? కామెర్లని నేనన్ననా?" బాలప్ప నెత్తి కొట్టుకున్నాడు. "పోయిండని చెప్పిన, గంతే. ఆళ్లాళ్లు ఉప్పుకారం ఏసుకున్నరు."

"నీకెవలు చెప్పిండ్రు?"

"వాళ్లక్కనే! జైతూన్ ఆపా! పాశమైలారం పోయి ఇంటి ముందర నిలబడి అడిగిన. ఏడ్చుకుంట చెప్పింది. అబద్ధమాడుతదా?"

"నడువు, పోదాం."

"ఇంకోపారి ఏడిపిస్తవా ఆమెను?"

"ఆటో తీస్తవా, నేనే నడపాల్నా?"

అంజయ్య కూడా ఎక్కాడు. పాశమైలారంలో జైతూన్ బీ ఇంటికి ఆనుకుని పిండి గిర్ని ఉంది. ఆ రోజు కరెంటు లేదు. గిర్ని ఆగి ఉంది. జైతూన్ బీ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేతులకు గాజులు, పక్కన ఘుమఘుమలాడే చాయ్. కౌసల్య ఒక్క క్షణం అంతా చూసింది. చావు జరిగిన ఇల్లులా లేదు.

"ఆపా, సలామ్. గనీ కోసం వచ్చినం."

జైతూన్ బీ కళ్లు వెంటనే చెమర్చాయి. "క్యా బోలూఁ బేటీ... గుజరాత్ గయా."

"ఏడికి?" అంది కౌసల్య.

"గుజరాత్. అంక్లేశ్వర్‌ల కంపెనీ ఉన్నదంట. గంత దూరం ఎందుకురా అన్న. వింటడా?"

కౌసల్య నెమ్మదిగా బాలప్ప వైపు తిరిగింది. "నీకేం వినపడ్డది?"

బాలప్ప గిర్ని వైపు చూశాడు, ఆపా వైపు చూశాడు. "గుజర్ గయా అని... చచ్చిపోయిండని... గిర్ని నడుస్తుండె కౌసల్యా, బర్రుమని! నాకేం తెలుసు? మళ్ల తెలుగుల గూడ అడిగిన. పోయిండా ఆపా అంటే, పోయిండు అన్నది!"

"పోయిండు గద మరి!" అంది జైతూన్ బీ. "నువ్వు నా భుజం పట్టుకుని సబర్ కరో, ఓపిక పట్టు అని ఒకటే ఏడుపు. తమ్ముడు ఊరు దాటితే గిట్ల ఏడ్చే దోస్తు ఉన్నడా అనుకున్న."

అంజయ్యకు ముందు నవ్వొచ్చింది. తర్వాత గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

అంజయ్య సంగతి తెలిశాక జైతూన్ బీ గొంతు తగ్గించింది. కంపెనీవాళ్లు అడిగితే చెప్పొద్దని తమ్ముడు ఒట్టు వేయించుకున్నాడట. "మీరు కంపెనీవాళ్లు కాదు గద," అని, గనీ పనిచేసేచోట పక్కనున్న చాయ్ హోటల్ నంబరు ఇచ్చింది.

సాయంత్రం బూత్ తలుపు వేసి కౌసల్య నంబరు తిప్పింది. హోటల్ మనిషి పిలిస్తే, చాలాసేపటికి గనీ వచ్చాడు.

"హలో, కౌన్?"

"నేన్రా, కౌసల్యను. ఆదివారం నీకు సంతాప సభ ఉన్నది. దండ ఏం పూలతోని చెయ్యమంటవు?"

జరిగిందంతా చెబితే గనీ పగలబడి నవ్వాడు. ఎంక్వైరీ మాట ఎత్తగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"నేను రాలేను కౌసల్యా. నోరిప్పితే నన్ను గూడ కేసుల ఇరికిస్తనన్నడు ఇంఛార్జి. అందుకే ఇడిచిపెట్టి వచ్చిన. ఇక్కడ ఇప్పుడిప్పుడే కుదురుకున్న."

"అంజయ్య ఇక్కడనే ఉన్నడు. వానితోనే చెప్పు." రిసీవరు అంజయ్య చేతిలో పెట్టింది.

అంజయ్య గొంతు సవరించుకున్నాడు. "బాగున్నవారా?"

"ఆఁ."

"సరే. రాకు. నీ బతుకు నీది. మేం అడిగినమని మనసుల పెట్టుకోకు."

కౌసల్య రిసీవరు లాక్కుంది. "ఆడు గట్లనే అంటడు. నేను అనను. నువ్వు చచ్చిపోయినవంటే ఈ ఊళ్లె నేనొక్కదాన్నే నమ్మలే, ఎరికేనా? బాలప్పను, సత్తెమ్మను, వెంకటేశాన్ని అందరినీ నిలదీసి పట్టుకున్న నిన్ను. నిన్న చచ్చిపోయినవంటే ఇంటింట ఏడ్చిండ్రు. రేపు భయపడి దాక్కున్నడంటే ఏమంటరు? అది నేనెట్ల చెప్పాలె వాళ్లకు? నువ్వే చెప్పు, ఏం చెప్పమంటవు?"

"అంజయ్య నిజంగనే తిప్పనన్నడు," అన్నాడు గనీ. "సార్, వేడెక్కింది, వద్దు అన్నడు. ఇంఛార్జి బూతు తిట్టి తిప్పిచ్చిండు. నా చెవులార విన్న."

"నాకు కాదు చెప్పేది."

"రైలు ఎప్పుడున్నదో కనుక్కుంట," అన్నాడు గనీ.

సోమవారం ఎంక్వైరీ గదిలో అంజయ్య ఒక్కడే ఒక వైపు, ఇంఛార్జి, మేనేజరు మరో వైపు. ఎంక్వైరీ చేసే వకీలు కళ్లద్దాలు పెట్టుకుని అడిగాడు: "నీ తరపున సాక్షులెవరైనా ఉన్నారా?"

"లేరు సార్," అన్నాడు ఇంఛార్జి తొందరగా. "అతను చెప్పిన మనిషి ఉద్యోగం మానేశాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు."

"గేటు కాడ ఉన్నడు," అన్నాడు అంజయ్య.

గేటు దగ్గర కౌసల్య సెక్యూరిటీ అతనితో వాదిస్తోంది. లోపలి నుంచి కబురు వచ్చే వరకూ ఆమె గనీ చొక్కా పట్టుకునే ఉంది. వదిలితే మళ్లీ రైలెక్కుతాడని భయం.

నలిగిన చొక్కాతో, రైలు మసితో గనీ లోపలికి వచ్చాడు. ఇంఛార్జి వైపు ఒకసారి చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఆ పొద్దు నేను అంజయ్య పక్కనే ఉన్న సార్," అని మొదలుపెట్టాడు. వాల్వు దగ్గర జరిగిందంతా చెప్పాడు. అంజయ్య వద్దన్న మాట చెప్పాడు, ఇంఛార్జి తిట్టిన తిట్టు కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ తర్వాత తనను బెదిరించిన సంగతి, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. చెబుతూ ఉంటే గొంతు గట్టిపడింది.

వకీలు అంతా రాసుకుని, గనీ చేత సంతకం పెట్టించాడు. మేనేజరు ఇంఛార్జి వైపు చూడటం మానేసి కిటికీ వైపు చూస్తున్నాడు.

"అంజయ్యా, నువ్వు లేచి బయట కూర్చో," అన్నాడు వకీలు. ఇంఛార్జికి ఆ కుర్చీ చూపించాడు. "మీరు రండి. మిమ్మల్ని అడగాల్సినవి చాలా ఉన్నాయి."