జగ్గమ్మ ఫోనుకు తాళం

ఫోను కంపెనీ పెద్దల్లారా, దొంగ చేతిలోంచి కూడా జగ్గమ్మ సొత్తు తిరిగొచ్చింది, మీ చేతిలోంచి మాత్రం రాలేదు!

బొబ్బిలి సంతలో పోయిన ఫోనును మూడు నెలలకు పోలీసులు పట్టి, కోర్టు ద్వారా ఇప్పించారు. దొంగ ఏవేవో అంకెలు నొక్కడంతో అది తాళం పడి ఉంది. జగ్గమ్మ దాన్ని పట్టుకుని సాలూరు నుంచి విజయనగరం సర్వీసు సెంటరుకు వెళ్లింది. లారీ డ్రైవరైన ఆమె మొగుడు బంగారురాజు కొండల్లో ఘాటీ రోడ్డు దిగిన ప్రతిసారీ ఆ ఫోనుకు తన గొంతు రికార్డు చేసి పంపేవాడు. "దిగిపోనానే, నువ్వు బువ్వ తినీ." ఒకసారి దిగలేదు. ఆయన పోయాక కూడా ఆ గొంతు విన్నాకే ఆమె కంచం ముందు కూర్చునేది.

సెంటరులో సాయికిరణ్ అనే కుర్రాడు కంప్యూటరు చూసి పెదవి విరిచాడు.

"ఇది రమేష్‌బాబు పేరున ఉందమ్మా. ఆయన రావాలి."

రమేష్‌బాబు ఫోను అమ్మిన కొట్టువాడు. మెయిలు లేనివాళ్లందరికీ తన మెయిలే పెట్టి ఫోన్లు తెరిచిచ్చేవాడు. ఇప్పుడు కొట్టెత్తేసి ఎటో పోయాడు.

"పోలీసోలు నాదన్నారు, కోర్టు నాదన్నాది. ఆకరికి ఆ దొంగెదవ కూడా నాదేనని ఒప్పుకున్నాడు. మీకొక్కలికే కాదేటి బాబూ?"

"పోలీసు కాగితం ఉంది కాబట్టి ఫోనులో ఉన్నదంతా చెరిపేసి ఇవ్వగలం. సంతకం పెట్టండి."

"సెరపడానికి నాదీ, తెరవడానికి నాది కాదా?"

సాయికిరణ్ సంతకం కాగితం ఆమె ముందుకు జరిపాడు. జగ్గమ్మ కాగితం వెనక్కి తోసేసి కుర్చీలో కూలబడింది.

"నిన్నేటీ అనను, నువ్వు జీతగాడివి. మీ పెద్దోలికి ఇప్పుడే ఫోను సెయ్యి. నా మనిసి గొంతు సెరపకుండా తాళం తియ్యమను."