నడిమి సొరుగు

కామో ఊళ్లో ముసురు పట్టి తొమ్మిది రోజులైంది. సొరుగులు సరిచూడడానికి ముసలి వడ్రంగి టోకుబేయి ఇలాంటి రోజే కావాలంటాడు. "ఎండలో అందరి పనీ బాగానే ఉంటుంది," అంటాడు.

ఆయన కోడలు షిజునో ఒక్క ఇనుప మేకైనా లేకుండా కట్టిన మొదటి బీరువా, కిరి అనే తేలిక కొయ్యది, దుకాణం నడుమ నిలబడి ఉంది. సొరుగులు మూడు. పైది మూస్తే లోపలి గాలి తప్పించుకునే దారిలేక కింది రెండింటినీ బయటికి నెట్టాలి. నెడితే దాని మీద దుకాణం ముద్ర వేసుకోవచ్చు. లేకపోతే ఈ ఇంట్లో ఈ వృత్తి తన తరంతోనే ఆఖరని మామగారు తేల్చి చెప్పేశాడు.

షిజునో పై సొరుగు మూసింది. అడుగుది బెత్తెడు బయటికొచ్చింది. నడిమిది కదల్లేదు.

"నడిమావిడ అలిగినట్టుంది," అన్నాడు టోకుబేయి టీ ఊదుకుంటూ.

"ఈ ఇంట్లో అలిగితే పట్టించుకునేదెవరు మామయ్యా?"

సొరుగు బలవంతాన లాగి చూసింది. కుడి పక్క పట్టేస్తోంది. చిత్రిక అందుకుంది. ఒక్కసారి పడితే చాలు, జారిపోతుంది. రోజూ చిత్రిక పట్టుకునే తీరుకే వంద వంకలు పెట్టే మనిషి ఇవాళ నోరు మెదపడం లేదు. ఆమె చెయ్యి ఆగింది. ఆ పక్కకు చెంప ఆనించింది. చల్లగా తగిలింది.

పొద్దున అక్కడ బిగింపు కర్ర ఒత్తి సొట్ట పడింది. అందరూ చేసినట్టే నీటిచుక్క వేసి, వేడి ఇస్త్రీపెట్టె అద్ది సొట్ట పైకి లేపింది. ఆరకముందే సొరుగును బీరువాలోకి తోసేసింది. తడికి ఉబ్బిన చోటును ఇప్పుడు చెక్కితే, ఎండలొచ్చాక అక్కడ ఎప్పటికీ పూడని సందు మిగులుతుంది.

చిత్రిక కింద పెట్టేసింది.

"పట్టవేం?"

"తడి ఉంది మామయ్యా. తొందరపడ్డాను."

"కొనేవాళ్లు మధ్యాహ్నానికి వస్తున్నారుగా."

"మీరు కబుర్లు చెప్పండి. చీకటి పడేదాకా వాళ్లు లేవలేరు."

సొరుగును పొయ్యికి రెండు బారల దూరంలో నిలబెట్టింది. టోకుబేయి లేచి లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన ముద్ర తెచ్చి ఆమె పనిబల్ల మీద పెట్టాడు.

"ఇంకా సరిచూడలేదుగా?"

"సొరుగు సంగతి నువ్వు చూసుకో. నేను చూడాల్సింది చూశాను."

షిజునో ఆ గుడ్డ విప్పలేదు. చేతులు తుడుచుకుని, సొరుగు రెండో పక్కను పొయ్యి వైపు తిప్పడానికి వెళ్లింది.