నాలుగో లెవెల్లో సరంగు

చెరపడానికి ఒక్క రుద్దు చాలు, రబ్బరు చేతిలోనే ఉంది, సన్నీ ఇచ్చేడు, ఇచ్చి నా మొహంలోకే చూస్తున్నాడు, చెరపండి బాబాయిగారూ ఇంకెంతసేపండీ అంటున్నాడు, వాడి కాగితం మీద నాలుగు పోయి ఐదు పడిపోయింది, కృపావతిగారి కాగితం మీదా పడింది, ఆవిడ ఐదు చుట్టూ సున్నా కూడా చుట్టేరు, రిటైరైన నర్సు కదా, మందు చీటీ మీద మోతాదుకి చుట్టినట్టు చుట్టేరు, ఇంక ఈ కథల ఆటలో నా మనిషి, సరంగు, ఒక్కడే మిగిలేడు నాలుగో లెవెల్లో, పడవ నడిపేవాడు, ఈటె పట్టేవాడు, ఈత బాగా వచ్చినవాడు, అబద్ధం ఆడటం చేతకానివాడు, ఇదంతా పెన్సిలుతో నా చేత్తో రాసుకున్నదే, ముగ్గురూ ఒప్పుకుంటేనే లెవెల్ పెంచుతానని కథ చెప్పే శారోన్ షరతు పెట్టింది, ఇద్దరు ఒప్పుకున్నారు, మూడోవాణ్ణి నేను, తొందర లేదు బాబాయిగారూ ఆలోచించుకోండి అంటూ తన నోటుపుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టుకు కూర్చుంది, తొందర లేదంటుంది గాని ఇవాళ్టితో కలిపి ఆరు ఆదివారాలే ఉన్నాయి, ఆ తరవాత తను పాడేరు అవతల బడిలో చేరిపోవాలి, టీచరు ఉద్యోగం, ఆర్డరు మొన్న గురువారం వచ్చింది.

లెక్క తేలికే, మొదలుపెట్టి ఇరవై నెలలు, ఒకటో లెవెల్ నుంచి నాలుగుకి వచ్చేం, అంటే మూడు మెట్లు, మెట్టుకి సుమారు ఏడు నెలలు, కథ చివర ఉప్పుకోటలో ఉన్న సముద్రపు రాజుని కొట్టాలంటే పదో లెవెల్ కావాలని శారోన్ మొదటిరోజే చెప్పింది, ఇంకా ఆరు మెట్లు, ఈ నడకన నలభై నెలలు, ఉన్నవి ఆరు ఆదివారాలు, అందుకని వారానికో మెట్టు ఎక్కేద్దామంటాడు సన్నీ, వాడు రాజోలు బ్యాంకులో చేస్తాడు, క్యూ కదలకపోతే వాడికి కాళ్ళు ఆగవు, కాకినాడలో వాడి స్నేహితులు ఆడే బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా ఓ లెవెలట, మూడు నెలల్లో పన్నెండుకి పోయేరట, తరవాతేం చేసేరురా అంటే మొహం పక్కకి తిప్పుకుని విసుగొచ్చి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేరండి అన్నాడు, చూసేవా మరి అన్నాను, చూసేనండి, వాళ్ళు రెండోసారి మొదలెట్టేరు, మనం మొదటిసారే ముగించట్లేదు అన్నాడు, నోరు ఎక్కువ వెధవకి.

అసలు నేను ఈ బల్ల దగ్గరకి వచ్చింది ఆడటానికి కాదు, తగువు పెట్టుకోవడానికి, అంబాజీపేటలో మా కొట్టు కింద గొడౌను, పైన ఖాళీ గది, ఆదివారం ప్రార్థనైపోయేక ఓ మూడు గంటలు ఇస్తారా కథ చెప్పుకుంటాం అని సాలమోను మాస్టారి అమ్మాయి, ఈ శారోనే, అడిగితే ఇచ్చేను, రెండో వారం ఏదో పని ఉండి గొడౌనుకి వస్తే నెత్తి మీద టకటకా పాచికలు దొర్లుతున్న చప్పుడు, వెంటనే పదహారు, పడిపోయింది పడిపోయింది అని కేకలు, మాస్టారి పిల్ల నా గదిలో గుండాట పెట్టించిందిరా దేవుడా అనుకుని రెండేసి మెట్లు ఎక్కి వెళ్ళేను, చూస్తే బల్ల మీద ఒక్క రూపాయి లేదు, కృపావతిగారు కళ్ళజోడు పైకెత్తి రండి రాజుగారూ మమ్మల్ని మొసలి తినేస్తోంది అన్నారు, ఆవిడ శారోన్‌కి పెద్దమ్మ, అంత పెద్దావిడ ఆ మాట అంత ధీమాగా అంటుంటే బల్ల కింద మొసలి ఉందేమోనని వంగి చూసేను, ఇది గుండాట కాదు బాబాయిగారూ, నేను కథ చెబుతాను, వీళ్ళు అందులో మనుషులు, వీళ్ళు ఏం చెయ్యాలనుకున్నా అది జరిగిందో లేదో పాచిక చెబుతుంది, గెలిచినా ఓడినా అనుభవం వస్తుంది, అది పోగైతే లెవెల్ పెరుగుతుంది అని శారోన్ చెప్పింది, చెబుతుంటే గొంతు వణికింది, నేను గది ఖాళీ చెయ్యమంటానని భయం, మరి మొసలి మాటేమిటి అన్నాను, పడవ నడిపేవాడు లేడండి అంది, అప్పట్నుంచి నేనే సరంగుని.

నాకు పెంచడం ఇష్టం లేకపోవడానికి కారణం ఉంది, వీళ్ళకి చెప్పలేదు, పంతొమ్మిదేళ్ళకి నేను ఒక్క పూటలో పదో లెవెల్ ఎక్కేను, నాన్న ఉన్నట్టుండి పోయేరు, పెద్దకర్మ మర్నాటికి నన్ను ఆయన కుర్చీలో కూర్చోబెట్టేరు, అప్పటిదాకా ఒరే బంగారం అన్నవాళ్ళు ఆ పూట నుంచి రాజుగారండీ అన్నారు, మాది కురిడీ వ్యాపారం, కొబ్బరికాయల్ని అటక మీద పోసి ఏడాది పాటు ముట్టుకోకుండా వదిలేస్తే లోపల నీళ్ళు ఇగిరి కొబ్బరి గుండులా విడిపోతుంది, ఎప్పుడు విడిందో చెవి దగ్గర ఊపి తెలుసుకోవాలి, నేను ఊపేను, నీళ్ళ చప్పుడు లేదు, అయిపోయిందన్నాను, మాణిక్యమని అటక మీద పనిచేసే ఆవిడ, నాన్నకన్నా పెద్దది, ఇంకా కాలేదండి రాజుగారూ అంది, నీకు తెలుసా నాకు తెలుసా అన్నాను, పంతొమ్మిదేళ్ళవాణ్ణి, ఆయ్ మీకే తెలుసండి అని పక్కకి తప్పుకుంది, లారీ కట్టేం, కొన్నవాళ్ళు అక్కడ కొట్టి చూస్తే ప్రతి కాయలోనూ కొబ్బరి చిప్పకి అంటుకుని ముక్కలుగా ఊడింది, లారీకి లారీ తిరిగొచ్చింది, అప్పుడు చెప్పింది మాణిక్యం, నీళ్ళ చప్పుడు పోవడం ఒకటండి, గుండు చప్పుడు రావడం ఒకటండి, మధ్యలో ఏ చప్పుడూ లేని నెలలుంటాయండి, ఆ నెలల్లో ముట్టుకోకూడదండి, మరి ముందే ఎందుకు చెప్పలేదంటే చెప్పేను కదండి అని నవ్వింది, ఆ నవ్వులో ఎగతాళి లేదు, అందుకే ఇప్పటికీ గుర్తుంది, ఆ ఏ చప్పుడూ లేని నెలలు నాకు ఎవరూ ఇవ్వలేదు, నేర్చుకోవలసినదంతా నేర్చేసుకున్నవాడిలా మొహం పెట్టుకుని నేర్చుకున్నాను, యాభై నాలుగేళ్ళకి ఈ సరంగు ఒక్కడే నాకు ఒకటి నుంచి దక్కినవాడు, మొదటివారం వాడికి తెడ్డు కూడా సరిగ్గా పట్టుకోవడం రాదు, ఏడోవారం సుడిలోంచి పడవ బయటికి లాగేడు, నేను లేచి నిలబడి అరిచేను, ఇంటికెళ్ళి మా ఆవిడ రేవతికి చెబితే ఎవరండీ ఆ సరంగు అని అడిగింది.

అందుకని చెప్పేసేను, పైకే, దేనికైనా కాలం పట్టాలమ్మా, చెయ్యనిదానికి లెవెల్ పెంచుకుంటే అది మనది కాదు, సరంగు నాలుగులోనే ఉంటాడు అని, సన్నీ నెత్తి పట్టుకున్నాడు, శారోన్ వేళ్ళు నోటుపుస్తకం మీద కదిలేయి, కృపావతిగారు టీ చల్లార్చుకుంటూ, ఔను రాజుగారూ, మనం నాలుగులోనే కూర్చుంటే గవర్నమెంటువాళ్ళు పిల్ల ఆర్డరు చింపేస్తారాండి అన్నారు, సన్నీ పకపకా నవ్వేడు, నేనూ నవ్వేను, నవ్వుతూనే ఉన్నాను గాని లోపల ఏదో తప్పు బయటపడ్డట్టు ఆగిపోయేను, ఎందుకంటే నేను చేస్తున్నది సరిగ్గా అదే, నలభై నెలల కథ మిగిలి ఉంటే నలభై నెలల ఆదివారాలు మిగిలి ఉన్నట్టే అనుకుంటున్నాను, కథ ముగియకపోతే కథ చెప్పేది ఎక్కడికి పోతుందిలే అనుకుంటున్నాను, ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇంత తెలివితక్కువ లెక్క ఎప్పుడూ కట్టలేదు, దానికి మాణిక్యాన్నీ నాన్ననీ లోలోపల సాక్ష్యానికి తెచ్చుకున్నాను, ఆ పాత సంగతీ నిజమే, కాని ఇవాళ్టి కారణం అది కాదు.

ఆ పిల్ల వేళ్ళ కింద నోటుపుస్తకంలో చివరి పేజీలున్నాయి, ఉప్పుకోట, సముద్రపు రాజు, అవన్నీ ఇరవై నెలల కిందే రాసుకుందట, మేము అక్కడికి వెళ్ళకపోతే అవి అలాగే పాడేరు పోతాయి, వినవలసినవాళ్ళం ముగ్గురం ఇక్కడుండి.

సరే శారోనమ్మా ఎక్కుదాం, కాని ఒక మాట, వారం వారం అంకె మార్చే ముందు ఎవరి మనిషి ఏం చేసి ఎక్కేడో వాళ్ళు నోటితో చెప్పాలి, చెప్పలేకపోతే ఎక్కకూడదు అన్నాను, బేరం లేకుండా ఏదీ ఒప్పుకోరా బాబాయిగారూ అన్నాడు సన్నీ, ఒప్పుకోనురా అన్నాను, శారోన్ నవ్వింది, గొంతు ఇప్పుడు వణకడం లేదు, ఎప్పుడు మానేసిందో కూడా నేను చూసుకోలేదు, ముందు మీరే చెప్పండి బాబాయిగారూ, సరంగు ఏం చేసేడు అని పుస్తకం తెరిచింది, నేను నాలుగు చెరిపి, గొంతు సవరించుకుని, సుడి దగ్గర్నుంచి మొదలుపెట్టేను, ముగ్గురూ నావైపే చూస్తున్నారు, కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది, ఆరు ఆదివారాలు ఆరే, నేను ఎంత మెల్లగా నడిచినా ఏడు కావు, ఆరూ నిండుగా ఉంటే నాకు చాలు.