రొడెల్ ఫోన్‌లో ఏడో పేజీ

మా అన్న రొడెల్ తోలు కోసే బల్ల మీద ఫోన్ పెట్టి, బొటనవేలితో తెరను పైకి తోసుకుంటూ పోయాడు. ఒకటో పేజీ. రెండు. మూడు. నాలుగు.

"ఏదీ నీ సైటు?"

"మొదట్లోనే ఉంటుంది కూయా. పొద్దున కూడా చూశాను." అన్నను మేం కూయా అనే పిలుస్తాం.

"ఎందులో చూశావ్?"

"నా ఫోన్‌లో."

అన్న పగలబడి నవ్వాడు. "రోజుకు నలభైసార్లు నువ్వు అదే చూస్తావని నీ ఫోన్‌కి తెలుసు నింగ్. నీకు నచ్చిందే ముందు పెట్టి నిన్ను జోకొడుతోంది. నా ఫోన్‌కి నీ మీద ఏ మొహమాటమూ లేదు. నేనెప్పుడూ నీ సైటు మొహం చూడలేదు. ఇది చెప్పిందే నిజం."

తెర ఆగింది. అక్కడ ఉన్నాం. 'మరికినా చేతి బూట్లు' అని వెతికితే, ఏడో పేజీ అడుగున, గొడుగులు అమ్మేవాడి కింద.

"ఏడో పేజీకి దెయ్యాలు కూడా రావు," అన్నాడు.

అది జనవరి నెలాఖరు. బూట్లకు పేరుపడ్డ మా మరికినాలో నాన్న ముప్ఫై ఎనిమిదేళ్లు బూట్లు కుట్టిన షాపు అది. పోతూ పోతూ మా ఇద్దరి పేరా రాశాడు. అన్నకు మాల్‌లో ఉద్యోగం. ఆ షాపు కూల్చి కార్లు నిలిపే చోటు చేస్తానని అబెలార్డో అనే ఆయన వచ్చాడు. అన్న అప్పటికే సంతకానికి సిద్ధం. నాది మిగిలింది.

"జూన్‌లో బడులు తెరిచే రోజు దాకా టైమిస్తాను," అన్నాడు అన్న. "ఆ రోజు పొద్దున ఇదే బల్ల మీద, ఇదే నా ఫోన్‌లో వెతుకుదాం. మొదటి పేజీలో ఉంటే అబెలార్డోను నేనే పంపించేస్తాను. లేకపోతే నోరెత్తకుండా సంతకం పెట్టాలి. సరేనా?"

"సరే."

వెనక మూల నుంచి మాంగ్ తెబాన్ దగ్గాడు. చెక్కతో పాదాల అచ్చులు చెక్కే ముసలాయన. పెద్దవాళ్లను మేం మాంగ్ అంటాం. నాన్నతో కలిసి మొదలుపెట్టి, నాన్న పోయినా మానలేదు. అచ్చు మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "రొడెల్, ఎడమ కాలు ఈడుస్తున్నావేం?"

"వయసు మాంగ్, వయసు," అన్నాడు అన్న. మెరిసే మాల్ బూట్లలో కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడే వెర్గెల్ తొలోసా దిగాడు. సైట్లను పైకి లేపే ఏజెన్సీ ఆయనది. షాపులో ఏసీ లేకపోవడం చూసి ముందు విసనకర్ర అడిగాడు, తర్వాత కుర్చీ.

"మ్యామ్, ముప్ఫై రోజులు. మొదటి పేజీ గ్యారంటీ. అయిదు వందల సైట్ల నుంచి మీ సైటుకు లింకులు వేయిస్తాను."

"ఏం సైట్లవి?"

"అవి మీకెందుకు మ్యామ్? జూదం, జుట్టు నూనె, ఏవో ఉంటాయి. ఎవరూ చదవరు."

"ఎవరూ చదవని చోట నా పేరెందుకు?"

"మెషీన్ చదువుతుంది కదా!"

"మెషీన్‌కి కాళ్లున్నాయా, బూట్లు కొనడానికి?"

ఆయన నవ్వలేదు. లేచాడు. "మొదటి చోట ఉన్నది ఎవరో తెలుసా? నా క్లయింటే. బయటి నుంచి పెట్టెల్లో తెప్పించి, చేత్తో చేసినవని అమ్ముతాడు. నేను లేకుండా మీరు ఆయన పక్కకు ఎలా వస్తారో నేనూ చూస్తాను."

"చూడండి," అన్నాను. "టికెట్ లేదు."

అంత మాటన్నాక ఏదో ఒకటి చేయాలి. చేశాను. మరికినాలో పుట్టిన మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు చేశాను.

మార్చిలో మా పేట పండుగ. మా వైపు, అమ్మ వైపు చుట్టాలు అరవై మందికి పైగా షాపు వెనక ఇంట్లో దిగారు. మా వాళ్ల సంగతి తెలిసిందే. ఇంట్లో ఒకడు ఎన్నికల్లో నిలబడితే ఊరంతా మనవాళ్లే ఓటేయాలి. ఒకత్తె పాట పోటీకి వెళితే హాలంతా మనవాళ్లే చప్పట్లు కొట్టాలి. నేనూ అలాగే అనుకున్నాను. పెద్ద మూకుడు నిండా పాన్సిట్ నూడుల్స్ చేసి, ఒక్కో పళ్లెం చేతికిచ్చే ముందు, "ముందు ఫోన్ తీయండి. మ్యాప్‌లో మన షాపుకు అయిదు స్టార్లు," అన్నాను.

ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద, ఒకే మధ్యాహ్నం అరవై మూడు రివ్యూలు. పిన్ని బెలెన్ అయితే, "మా నింగ్ బంగారం, నూడుల్స్‌లో నిమ్మకాయ ఇంకొంచెం పడాలి" అని రాసింది.

మూడో రోజుకు మా షాపు మ్యాప్‌లో లేదు. నకిలీ రివ్యూలని తేల్చి షాపు పేరే ఎత్తేశారు. వీధి ఉంది, పక్కన బేకరీ ఉంది, మధ్యలో మేమున్న చోట ఖాళీ.

అన్న ఫోన్ చేశాడు. "ఏడో పేజీ నుంచి ఎక్కడికి వెళ్లావమ్మా? అసలు ఊళ్లోనే లేవట!"

పది నిమిషాలకు వెర్గెల్. "మ్యామ్, పోయిన పేరు తిరిగి తెప్పించడం నాకు ఎడమచేతి పని. రేటు మాత్రం ఇప్పుడు రెండింతలు."

"మీ ఎడమచెయ్యి మీ జేబులోనే ఉంచుకోండి," అని పెట్టేశాను.

 

మ్యాప్ వాళ్ల నియమాలన్నీ ముందేసుకుని చదివాను. షాపు నిజంగా ఉందని వీడియో తీసి పంపమన్నారు. వీధి బోర్డు నుంచి మొదలుపెట్టి, తాళం చెవి తిప్పి, తలుపు తీసి, కుట్టుమిషన్ నడిపి, గోడ నిండా వేలాడే చెక్క పాదాల దాకా ఒకే బిగిన తీశాను. చివర్లో మాంగ్ తెబాన్ కెమెరాను చూసి, "నేను బతికే ఉన్నాను, ఈ షాపూ బతికే ఉంది. ఇంకేం కావాలి మీకు?" అని గద్దించాడు. ఆ ముక్క తీసేద్దామనుకున్నాను. తీయలేదు.

చుట్టాలు రాసిన రివ్యూలు వాళ్ల చేతే తీయించడం అంతకన్నా కష్టమైంది. ఇల్లిల్లూ తిరిగాను. పిన్ని బెలెన్ తలుపులోనే నిలబడింది.

"నా మెచ్చుకోలు నీకు పనికిరాదా?"

"పనికొస్తుంది పిన్నీ. కానీ నువ్వెప్పుడూ మా దగ్గర బూట్లు కొనలేదు."

"చుట్టాన్ని, నేను కొనడమేమిటే?"

"అదే చిక్కు," అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మొదటిసారి కాలి కొలత ఇవ్వడానికి వచ్చింది.

ఏప్రిల్ మొదట్లో మ్యాప్‌లోకి తిరిగొచ్చాం. రివ్యూలు సున్నా. సెర్చ్‌లో ఇంకా ఆరో పేజీ. రెండు నెలలే మిగిలాయి.

ఆ రోజు సైటులో ఏం రాసుందో మాంగ్ తెబాన్‌కు చదివి వినిపించాను. 'తరతరాల నైపుణ్యం, సాటిలేని నాణ్యత.' ఆయన ఉలి పక్కన పెట్టాడు.

"ఈ తలుపులోంచి వచ్చి సాటిలేని నాణ్యత కావాలని ఎవడన్నా అడిగాడా అమ్మాయ్?"

"లేదు."

"మరి ఏమని అడుగుతారు?"

ఆలోచించాను. "చిటికెన వేలు ఏడిపిస్తోందని. డ్యూటీ దిగేసరికి మడమలు మంటలని. కొత్త బూటు కరిచిందని."

"మరి అది రాయవేం? ఆ మాటలే కదా ఆ సెర్చ్‌లోనూ కొడతారు!"

నాన్న ఎవరికి బూట్లు కుట్టినా ముందు వాళ్లను గోధుమరంగు కాగితం మీద నిలబెట్టి, పెన్సిల్‌తో పాదం చుట్టూ గీత గీసేవాడు. పక్కనే ఆ పాదం బాధ రెండు ముక్కల్లో రాసేవాడు. ఆ కాగితాలు పదకొండు పెట్టెలున్నాయి. మొదటి పెట్టె తెరిచాం. ఒక్కో బాధకు ఒక్కో పేజీ. మాంగ్ తెబాన్ చెప్తూ ఉంటే నేను రాశాను. బొటనవేలి ఎముక పొడుచుకొచ్చిన వాళ్లకు ఏ తోలు వాడాలి, చక్కెర జబ్బున్న వాళ్లకు కుట్టు ఎక్కడ రాకూడదు, ఇంట్లోనే కాగితం మీద కొలత ఎలా గీయాలి. చేయలేనివి కూడా రాయించాడు. "చదును పాదాలకు ఎత్తు మడమలు అడగడానికి రావద్దు. కుట్టం." కొనుక్కునే వాళ్లను తరిమేయడమేమిటని వాదించాను. ఒప్పుకోలేదు.

తొమ్మిదో పెట్టెలో పేరు లేని కాగితం ఒకటి దొరికింది. ఎడమ పాదం కుడి పాదం కన్నా అర అంగుళం పెద్దది.

"ఎవరిది మాంగ్?"

"పేరెందుకు? రాయి. అలాంటి కుర్రాడొకడు ఉండేవాడు. తన పాదాలు సమానం కావని వాడికి తెలియనే తెలియదు. వాళ్ల నాన్న ఎడమదో సైజు, కుడిదో సైజు కుట్టి, పైకి జతలా కనబడేట్టు చేసేవాడు. బడిలో ఎవరూ నవ్వకూడదని. ఎడమ బూటు మాత్రమే కరిచే వాళ్లుంటే, తప్పు బూటుది కాదు, కొలతది. అది రాయి."

రాశాను. ఆ కాగితం ఎవరిదో రాస్తూ ఉండగానే అర్థమైంది. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మే నెలలో మొదటి అసలు రివ్యూ పడింది. మారివిక్ అనే నర్సు. మూడు స్టార్లు. "పన్నెండు రోజులన్నారు, పంతొమ్మిది పట్టింది. ముసలాయన నన్ను తిట్టాడు కూడా. కానీ పదకొండేళ్లలో మొదటిసారి డ్యూటీ దిగి ఇంటికి నడిచి వెళ్లాను."

"మూడు స్టార్లే!" అని అన్న నవ్వాడు.

నేను దాన్ని తీయించే ప్రయత్నం చేయలేదు. "ఆలస్యం మాదే. తిట్టింది మాత్రం కొలతకు రెండు జతల మేజోళ్లు వేసుకొచ్చినందుకు" అని కింద జవాబు రాశాను. దాన్ని మారివిక్ తన తోటి నర్సులకు పంపింది. వాళ్ల సంఘం తన సైటులో మా లింకు వేసింది. అడగకుండా. జూదం పక్కన కాదు, నర్సుల పక్కన. నెలాఖరుకు నాలుగో పేజీ. ఆ తర్వాతి వారం రెండో పేజీ. నా ఫోన్‌ను నమ్మడం మానేశాను. బేకరీ ఆవిడ ఫోన్‌లో చూసేదాన్ని.

బడులు తెరిచిన రోజు పొద్దున ఎనిమిదికి అన్న కుంటుకుంటూ వచ్చాడు. వెనక అబెలార్డో, ఆయన చంకలో కాగితాలు. బెంచీ మీద అప్పటికే ఆరుగురు కూర్చున్నారు, ఎక్కువమంది నర్సులే. బల్ల మీద ఒక పంతులమ్మ పాదం గీత ఇంకా సగంలో ఉంది.

"కాసేపు బల్ల ఖాళీ చేయండి," అన్నాడు అన్న.

"కాలు తీస్తే గీత చెడుతుంది. ఆగు," అన్నాడు మాంగ్ తెబాన్.

ఆగాం. పంతులమ్మ దిగింది. అన్న ఫోన్ పెట్టి సెర్చ్ గడి మీద వేలు ఆనించాడు.

అతను ఏమీ టైపు చేయకముందే, ఇంతకుముందు వెతికినవి కిందికి జారాయి. ఫోన్‌కు మొహమాటం లేదు కదా.

'ఎడమ బూటు మాత్రమే కరుస్తోంది.'

'ఒక పాదం పెద్దదైతే ఏ సైజు కొనాలి.'

'ఎడమ బూటు మాత్రమే కరుస్తోంది మరికినా.'

పంతులమ్మ చదివింది. అబెలార్డో చదివాడు. అన్న చెవులు ఎర్రబడ్డాయి. గబగబా 'మరికినా చేతి బూట్లు' అని కొట్టాడు.

మొదటి పేజీ. మొదటి వరస. మేము.

"ఇది లెక్కలోకి రాదు!" అన్నాడు అన్న. "నేను చూశాను కాబట్టి ముందు పెట్టింది. ఈ ఫోన్ అబద్ధం చెప్తోంది!"

"జనవరిలో ఇదొక్కటే నిజం చెప్తుందన్నావు. ఇదే ఫోన్, ఇదే బల్ల. మాట నీదే కూయా."

 గెలిచాను. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ ఆరో పేజీ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కింది ఇలా గెలవడానికి కాదు. అబెలార్డో వైపు తిరిగాను.

"సార్, మీ ఫోన్‌లో చూడండి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని వెతికాడు. పైనుంచి లెక్కపెట్టాడు. మొదటి చోట వెర్గెల్ క్లయింటే. పేజీ అయిపోయింది. రెండో పేజీ నొక్కాడు. అక్కడ మొట్టమొదట మేము.

"పదకొండు," అన్నాడు.



"నీ ఫోన్‌లో ఒకటి, ఆయన ఫోన్‌లో పదకొండు," అన్నాను అన్నతో. "రెండూ నీ ముందే ఉన్నాయి. ఏది లెక్కో నువ్వే చెప్పు. కానీ ఒకటి. పదకొండు అన్నావంటే మాట తప్పుతాను. నోరెత్తకుండా సంతకం పెట్టను. నోరెత్తుతాను. ఈ బెంచీ మీద వాళ్ల కొలతలన్నీ అయ్యేదాకా పెన్ను ముట్టను. వాళ్లయ్యాక ఇంకొకళ్లు వస్తారు."

అన్న నా మొహం చూడలేదు. మాంగ్ తెబాన్‌ను చూస్తున్నాడు.

"ఆ పేజీలో కుర్రాడు..." అని ఆగాడు. "నాన్న నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెబితే బడికి వెళ్లేవాడివా?" అన్నాడు మాంగ్ తెబాన్.

అన్న తన మెరిసే బూట్లను చూసుకున్నాడు. తర్వాత అబెలార్డో చేతిలోని కాగితాలు తీసుకుని, మడిచి, తిరిగి ఆయన చంకలోనే పెట్టాడు. "క్షమించండి. కార్లకు ఇంకో చోటు చూసుకోండి."

వంగి ఎడమ బూటు విప్పాడు. మడమ దగ్గర మేజోడు చిరిగి, చర్మం కందిపోయి ఉంది. ఒంటికాలి మీద గెంతుతూ బల్ల దగ్గరికి వచ్చాడు.

"కాగితం పరచండి మాంగ్."

మాంగ్ తెబాన్ పెన్సిల్‌తో బెంచీ చివర చూపించాడు. "నీ ముందు ఆరుగురున్నారు. పోయి కూర్చో."

అన్న వెళ్లి నర్సుల పక్కన కూర్చున్నాడు. నేను వాకిట్లోకి వెళ్లి బేకరీ ఆవిడను కేకేశాను.

"ఆంటీ, రేపు పొద్దున మళ్లీ మీ ఫోన్ కావాలి. పదో చోట ఎవడున్నాడో వాడి పేరు రాసి పెట్టండి."