అమ్మ నొక్కిన జవాబులు

తరగతిలో లెక్క అడిగితే ముందు లేచేది ఆ పిల్ల చెయ్యే. అలాంటిది, జవాబులను బట్టి పాఠం మెట్టు మార్చే, బడివాళ్ళిచ్చిన ట్యాబ్ మూడు వారాలుగా ఆమెను మెట్టు మెట్టుగా కిందికి దించుతోంది. పక్కవాళ్ళకు బీజగణితం ఇస్తూ, ఈమెకు బాతు బొమ్మలు చూపించి ఎన్నున్నాయో చెప్పమంటోంది.

"ఏమే చంటిపాపా, బాతులు గుడ్లు పెట్టాయా?" అని వెనక బెంచీ పిల్ల దెప్పింది.

శుక్రవారానికి ఎనిమిదో మెట్టు ఎక్కినవాళ్ళకే సైన్సు తరగతిలో చోటు. ఈమె ఉన్నది మూడో మెట్టు మీద. లెక్కల మాస్టారి దగ్గర మొరపెట్టుకుంటే ఆయన బోర్డు మీద ఓ లెక్క వేశారు. చిటికెలో చేసేసింది.

"నీకు వచ్చని నాకు తెలుసమ్మా. కానీ ఇప్పుడు తేల్చేది ట్యాబే, నేను కాదుగా," అన్నారాయన. ఎవరు జవాబు నొక్కినా ఆమే నొక్కిందని ట్యాబ్ అనుకుంటుందనీ, ఇంట్లో ఎవరైనా ముట్టుకుంటున్నారేమో చూసుకోమనీ చెప్పారు.

ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే. చొక్కాల కార్ఖానాలో గుండీలు కుడుతుంది. కిందటి నెల పని చీటీ మీద రాసింది చదవలేక వేరే సైజు గుండీలు కుట్టిందని సూపర్‌వైజరు పదిమందిలో చీవాట్లు పెట్టాడు.

ఆ సాయంత్రం పిల్ల తలుపు సందులోంచి చూసింది. అమ్మ ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని ప్రశ్నలోని అక్షరాలు కూడబలుక్కుంటోంది. తప్పు నొక్కితే నాలుక కరుచుకుంటోంది. ఒప్పయితే తెర మీద నక్షత్రం మెరుస్తోంది, అమ్మ తనలో తను నవ్వుకుంటోంది.

నేను నేర్పుతాలే అన్న మాట పిల్ల నాలుక చివరిదాకా వచ్చింది. శుక్రవారం గండం గడవనీ అనుకుని మింగేసింది. తన మొహం చూస్తే తప్ప తెరుచుకోకుండా ట్యాబ్‌కు తాళం పెట్టేసింది.

మర్నాడు అమ్మ బెరుకు బెరుగ్గా దాన్ని తెచ్చిచ్చింది.

"ఇది నన్ను చూసి మొహం తిప్పుకుంటోందే. నేను... అప్పుడప్పుడూ ముట్టుకున్నాను. పాడుచేశానా?"

"చేశావు. నీ తప్పులన్నీ నా లెక్కలోకి వెళ్ళాయి. ఇక దాని జోలికి రాకమ్మా."

అమ్మ తలూపి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

నాలుగు రోజులు పిల్ల తిండీ నిద్రా మాని లెక్కలు చేసింది. శుక్రవారం ఎనిమిదో మెట్టు ఎక్కింది. మాస్టారు తరగతి చేత చప్పట్లు కొట్టించారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అమ్మ మొహం చాటంతయింది.

"చూశావా, నేను ముట్టుకోకపోతే ఎంత బాగా చదివావో," అంది.